సాయం అడగకుండా

కుట్టుగది,
కిటికీ పక్క బల్ల

వదినా,

ఫోన్ చేస్తే "నువ్వు ఆవేశంలో ఉన్నావు, కాగితం మీద రాయి, కాస్త నిదానిస్తావు" అంటావు. ఇదిగో, నిదానంగానే రాస్తున్నాను.

మీ ఆఫీసు పంపిన రూబ్రిక్, అదే ఆ కొత్త మదింపు పట్టిక, నిన్న చేరింది. మా హెడ్మాస్టరు గారు దాన్ని శుభలేఖ అందించినట్టు రెండు చేతులతో అందించారు. అడ్డంగా నాలుగు వరుసలు, వరుసకు నాలుగు గడులు. ఇక మీదట తొమ్మిదో తరగతి కుట్టుపనికి వందకు ఇన్ని అని మార్కులు వేయకూడదట. పిల్ల ఏం చేసిందో చూడాలి, ఆ చేసినది ఏ గడిలో రాసి ఉందో వెతకాలి, ఒకటి నుంచి నాలుగు దాకా ఒక అంకె వేయాలి. పిల్లలు అప్పుడే దీనికి 'గళ్ళకాగితం' అని పేరు పెట్టేశారు. రోజూ గళ్ళబట్ట కత్తిరించే వాళ్ళకు ఇంకేం తోస్తుంది!

మొదటి మూడు వరుసలతో నాకు పేచీ లేదు. కొలతలు రాసుకోవడం, కత్తిరింపు, కుట్టు. నాలుగోది 'స్వతంత్రంగా పనిచేయడం'. "ఎవరి సాయమూ అడగకుండా పూర్తి చేస్తారు" అంటే నాలుగు. ఒకసారి అడిగితే మూడు. పలుమార్లు అడిగితే రెండు. సాయం చేసినా పూర్తి చేయలేకపోతే ఒకటి.

అది చదవగానే నాకు మా 'సందేహం' గుర్తొచ్చింది. స్టాఫ్ రూములో దాన్ని అందరూ అలాగే పిలుస్తారు. నీకు ఇదివరకు చెప్పానో లేదో. ఆ పిల్ల నోట్లోంచి 'మేడం' అన్న మాట వెనకే 'ఎందుకు' కూడా వస్తుంది. కాలరుకు లోపల గట్టిబట్ట ఎందుకు, చంకలో బట్ట వంకరగా ఎందుకు కోయాలి, కాజాలు ఆడవాళ్ళకు ఒక పక్క మగవాళ్ళకు ఇంకో పక్క ఎందుకు. చివరిదానికి నాకూ జవాబు తెలియదు. నా దగ్గర చదువుకున్న వాళ్ళందరిలో చెయ్యి తిరిగిన పిల్ల అది.

దుస్తుల శిక్షణ కేంద్రంలో దానికి సీటు రావాలంటే ఏ వరుసలోనూ మూడుకు తగ్గకూడదు. సీటు వస్తే హాస్టలూ భోజనమూ వాళ్ళే చూసుకుంటారు. రాకపోతే పరీక్షలయిన మర్నాడే గిడ్డంగిలో గోనెసంచులు కుట్టే పనికి పంపిస్తానని వాళ్ళ నాన్న చెప్పేశాడు. ఆయన అక్కడే మూటలు మోస్తాడు.

ఆ నాలుగో వరుస రాసిన మహానుభావులెవరో నీకు తెలిస్తే చెప్పు. ఒకసారి మా గదికి పిలిచి సూదిలో దారం ఎక్కించమంటాను.

నీ మరదలు

*

మదింపు విభాగం,
రెండో అంతస్తు, ఫ్యాన్ తిరగని గది

మరదలా,

ఆ మహానుభావురాలిని నేనే. సూదిలో దారం ఎక్కించడం వచ్చు. కళ్ళజోడు మాత్రం పెట్టుకోనివ్వాలి.

ఆ వరుస ఎందుకు రాశానో చెబుతాను. పోయినేడు ప్రదర్శనకు అన్ని బళ్ళ నుంచీ చొక్కాలు వచ్చాయి. పద్నాలుగేళ్ళ పిల్లలు కుట్టిన కాలర్లట! పాతికేళ్ళు మెషిను తొక్కిన చేతులు కుట్టినట్టు నిలబడ్డాయి. అవి ఎవరు కుట్టారో నాకు తెలుసు. నీకు ఇంకా బాగా తెలుసు. మంచి మేడం దొరికిన పిల్లకు మంచి మార్కు, బద్ధకపు మేడం దొరికిన పిల్లకు తక్కువ మార్కు. అప్పుడు మనం మార్కు వేస్తున్నది ఎవరికి? అందుకే పిల్ల తనంతట తాను ఏం చేయగలదో చూడమన్నాను. బాగానే రాశానని నా నమ్మకం.

ఒక సంగతి మరిచిపోకు. రూబ్రిక్‌ని పిల్లలకు ముందే చదివి వినిపించాలి. దేన్నిబట్టి తమను కొలుస్తున్నారో వాళ్ళకు తెలియాలి. దాచిపెట్టి కొలిస్తే అది మదింపు కాదు, మాటు వేయడం.

మీ అన్నయ్య కులాసా. వంటింటి గోడ మీద ఆయనకూ ఒకటి అంటించాను. అంట్లు తోమడంలో మూడులో ఉన్నారు. గిన్నె అడుగున జిడ్డు పోతే నాలుగు. "నాలుగొస్తే ఏమిస్తావు?" అని బేరం పెట్టారు. మీ వంశంలోనే ఉంది.

వదిన

*

కుట్టుగది,
పరీక్ష అయిన సాయంత్రం

వదినా,

కాలర్ల సంగతి ఒప్పుకుంటున్నాను. కొన్ని నేను కుట్టినవే. కానీ ఇవాళ జరిగింది విను.

నువ్వు చెప్పినట్టే వారం ముందు గళ్ళకాగితం చదివి వినిపించాను. ఎవరి చొక్కా వాళ్ళు తమ కొలతలకే కుట్టుకోవాలి, అదీ పరీక్ష. పొద్దున గదిలోకి వెళ్తే సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. ఈ గదిలో ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అంత నిశ్శబ్దం వినలేదు. మొదట నాకు గర్వంగానే అనిపించింది.

తర్వాత చూద్దును కదా, ప్రతి పిల్లా టేపు పట్టుకుని వెనక్కి మెలికలు తిరుగుతోంది. భుజం నుంచి భుజానికి వెడల్పు కొలవాలి కదా. ఎవరి వీపు వాళ్ళు ఎలా కొలుచుకుంటారు వదినా? ఒకతె టేపు కొన పళ్ళతో పట్టుకుంది. ఒకతె గోడకు ఆనుకుని నిలబడి సుద్దతో గోడ మీద గీతలు పెట్టింది. ఒకతె వేసుకున్న యూనిఫామ్ విప్పి కొలుద్దామా అని నా వైపు చూసి, అడిగినట్టవుతుందేమోనని మళ్ళీ తల దించుకుంది. మిగిలినవాళ్ళు తోచిన అంకె రాసేశారు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మా సందేహం పక్కపిల్ల చేతికి టేపు ఇచ్చి, "కాస్త పట్టుకోవే, మెడ ఎముక దగ్గర్నుంచి" అంది. ఆ పిల్ల భయపడుతూనే పట్టుకుంది. తర్వాత సందేహం నన్నొకటి అడిగింది. మెషిను బిగుసుకుంటే, పరీక్షకని పిలిపించిన మెకానిక్కుని ఇంకొకటి అడిగింది. లెక్క పెట్టుకున్నాను, పలుమార్లే.

సాయంత్రం అందరినీ ఎవరి చొక్కా వాళ్ళను వేసుకోమన్నాను. ఒకతెకు భుజాలు మోచేతుల మీదికి జారాయి. ఒకతె చేతులు పైకెత్తితే దించలేకపోయింది. ఇద్దరం పట్టి లాగాల్సి వచ్చింది. అందరం కడుపుబ్బ నవ్వాం. సందేహం చొక్కా మాత్రం ఒంటికి అతికినట్టు సరిపోయింది.

ఇప్పుడు మీ కాగితం ప్రకారం చూడు. కొలతలు 'స్పష్టంగా, పట్టికలో' రాసుకున్నారా? రాశారు. తప్పుడు కొలతలే, కానీ స్పష్టంగా రాశారు. గీత మీద కత్తిరించారా? కత్తిరించారు. కుట్టు నిటారుగా ఉందా? ఉంది. సాయం అడిగారా? లేదు. అన్నీ నాలుగులే! నీ గళ్ళన్నీ వెతికాను వదినా, చొక్కా వేసుకునే మనిషికి అది సరిపోవాలని ఎక్కడా రాయలేదు. సరిపోయిన చొక్కా కుట్టిన పిల్లకు మాత్రం ఒక రెండు.

ఆ గడి ఖాళీగా ఉంచాను. మూడు వేయనా? ఎవరికీ నష్టం లేదు. ఆ పిల్ల బతుకు నిలబడుతుంది.

మరదలు

*

మదింపు విభాగం,
అదే గది

మరదలా,

వేయకు.

పలుమార్లు అడిగిందని నువ్వే రాశావు. పలుమార్లు అంటే రెండు. నీ గదిలో నీకిష్టమైన పిల్లకు నువ్వు మూడు వేస్తే, పక్క బడిలో ఇంకో మేడం తనకిష్టమైన పిల్లకు నాలుగు వేస్తుంది. వెనకటి కాలర్ల దగ్గరికే మళ్ళీ వస్తాం. సగం బట్ట కొలిచాక టేపు మారుస్తానంటే ఏ దర్జీ ఒప్పుకుంటాడు?

'సరిపోవడం' అన్నది రాయకపోవడం లోపమే. వచ్చే ఏడు చేరుస్తాం. నీ అభ్యంతరం చివరి పేజీలో వివరంగా రాయి, కమిటీ చదువుతుంది. సీట్ల జాబితా పంపడానికి ఇంకా వ్యవధి ఉంది కానీ, దాన్ని చూసి ఆ పిల్లకు ఆశ పెట్టకు.

నువ్వు నాకు మరదలివి కాబట్టే ఇంకాస్త గట్టిగా చెబుతున్నాను. నీ గదిలో అంకె మారితే, నేను మార్పించానంటారు.

వదిన

*

కుట్టుగది

గౌరవనీయులైన మదింపు అధికారి గారికి,

మీ ఆదేశం ప్రకారం రెండు వేశాను. అభ్యంతరం చివరి పేజీలో రాశాను. మీ గడిలో రాయడానికి వీల్లేని సంగతి ఒకటి మిగిలింది, అది ఇక్కడ రాస్తున్నాను.

ఆ అమ్మాయిని పిలిచి అంకెలు చూపించాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కాగితం రెండుసార్లు చదువుకుని, "అడగడం తప్పని నాకు తెలీదు మేడం. మీరు చదివినప్పుడు, ఊరికే అడగడం గురించేమో అనుకున్నాను. ఇంక అడగను" అంది. నామీద కోపం కూడా లేదు. పాఠం అర్థమైన పిల్ల ఎలా మాట్లాడుతుందో అలా మాట్లాడింది.

నిన్న క్లాసులో దాని మెషిన్ సూది విరిగింది. వేరే సూదులు నా సొరుగులో ఉంటాయి, అందరికీ తెలుసు. ఆ పిల్ల పీరియడ్ అంతా విరిగిన సూది ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. గంట కొట్టాక కానీ నేను చూడలేదు. ఈ గదిలో అది నోరు తెరవకపోతే నాకు కదా ముందు తెలియాలి!

"అడగందే అమ్మైనా పెట్టదు" అని మనవాళ్ళు ఊరికే అనలేదు. మీరు కొలిచి చూసుకోండి, ఆ పిల్ల ఇప్పుడు పూర్తిగా స్వతంత్రంగా పనిచేస్తోంది.

ఇట్లు,
కుట్టు ఉపాధ్యాయిని

*

ఇల్లు, వంటింటి బల్ల

మరదలా,

ఆ 'మీరు' ఇంక చాలు. నాకు చాలా బాధ కలిగింది. ఆ సంబోధన రెండు రోజులు నన్ను తిండి తిననివ్వలేదు. మీ అన్నయ్యతో చెబితే, "అది చిన్నప్పుడూ అంతే, కోపమొస్తే నన్ను 'అయ్యా' అనేది" అన్నారు.

నీ ఉత్తరం చదివాక టేపు తీసుకుని పడకగది తలుపు వేసుకున్నాను. నా భుజాల వెడల్పు మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలొచ్చాయి. మూడోసారికి టేపు జడలో చిక్కుకుంది. ఆఖరికి మీ అన్నయ్యను కేకేశాను. వచ్చి, విడదీసి, ఒక్క నిమిషంలో కొలిచి, "అడిగావు కాబట్టి నీకు మూడు" అని వెళ్ళిపోయారు.

మర్నాడు కమిటీలో చెప్పాను. ఈ వరుస నాది, ఇది తప్పు అన్నాను. మా దగ్గర అన్నిటికీ సగటు తీసే పెద్దాయన ఒకరున్నారు, అంకెలాయన అంటాం. "మధ్యలో మారిస్తే పోయినేటితో పోల్చలేం" అన్నారు. "పోయినేడు చొక్కాలు టీచర్లు కుట్టారండీ, దేనితో పోలుస్తారు?" అన్నాను. ఇతర బళ్ళ నుంచి కూడా చొక్కాలు తెప్పించాం. బల్ల మీద పరిచి చూస్తే ఒకదానికీ రెండు భుజాలూ సమంగా లేవు. అంకెలాయన ఒకటి ఎత్తి చూసి, "ఇది ఏ ప్రాణికి?" అని అడిగారు.

కాబట్టి అన్ని బళ్ళలో మళ్ళీ పరీక్ష. 'సరిపోవడం' కొత్త వరుస. నాలుగో వరుస తిరగరాశాను. "అవసరమైన చోట తగిన సాయం అడిగి తీసుకుంటారు" అంటే నాలుగు. అవసరం ఉన్నా అడగకపోతే ఒకటి. పిల్ల అడగనిదే టీచరు దగ్గరికి వెళ్ళకూడదు, ఈ పాత నియమం మాత్రం అలాగే ఉంచాను. లేకపోతే మళ్ళీ నువ్వు కాలర్లు కుడతావు.

పాత అంకెలు రద్దు. సీట్లు కొత్తవాటి మీదే. ముందే చదివి వినిపించు.

నీ వదిన

*

కుట్టుగది,
గుడ్డపేలికలు ఊడ్చాక

వదినా,

నీకు తెలియకుండానే నువ్వు గొప్ప హాస్యరచయిత్రివి.

మొన్న సూది పడితే వినిపించిన గదిలో ఇవాళ నా చెవులు చిల్లులు పడ్డాయి. "మేడం, కత్తెర ఎక్కడుంది?" అని ఒకతె, కత్తెర చేతిలో పట్టుకునే. "మేడం, ఇది బట్టేనా?" అని ఇంకొకతె. ఒకతె అయితే ఎందుకైనా మంచిదని మూడుసార్లు అడిగి, "రాసుకున్నారా మేడం?" అని నాలుగోసారి అడిగింది. అడగడానికి మార్కులుంటే అడగడం ఎంతసేపు! అయినా ఒకళ్ళ వీపు ఒకళ్ళు కొలుచుకున్నారు, అది మాత్రం నిజం. చొక్కాలు చాలావరకు సరిపోయాయి.

సందేహం అడగలేదు.

కొత్త కాగితం నేను చదివినప్పుడు అది ముందు బెంచీలోనే ఉంది, విన్నది, తల కూడా ఊపింది. టేపు తీసుకుని నిలబడింది. పక్కపిల్ల తన గోలలో తానుంది. దీని పెదవి ఒకసారి కదిలింది. నేను ఎదురుగా, దగ్గర్లోనే ఉన్నాను. అడగనిదే వెళ్ళకూడదన్నావు కదా, నా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. అది టేపు భుజం మీదుగా వెనక్కి వేసి, జారిపోతే మళ్ళీ వేసి, మళ్ళీ జారిపోతే మళ్ళీ వేసింది. ఎంతకని చూస్తాను? వెళ్ళి రెండో కొన పట్టుకున్నాను.

"నేను అడగలేదు మేడం" అంది, భయంగా.

"నేను అడుగుతున్నానమ్మా. పట్టుకోనా?" అన్నాను.

మెడ కాస్త ముందుకు వంచింది. కొలిచాను. ఆ తర్వాత దాని జోలికి పోలేదు, ప్రమాణం చేస్తున్నాను. కాలరు తానే కుట్టింది. చొక్కా సరిపోయింది.

నీ లెక్కలో అది అవసరం ఉండి కూడా అడగలేదు, ఒకటి. నేనేమో నియమం తప్పాను. నాకూ ఒకటి వేసుకో. ఆ గడి ఖాళీగానే పంపుతున్నాను వదినా. ఈసారి నువ్వు ఎన్ని చెప్పినా నేను నింపను. అడిగినందుకు ఒకసారి, అడగనందుకు ఒకసారి ఆ పిల్ల చేతిలోంచి సీటు లాక్కోవడం నా వల్ల కాదు.

మరదలు

*

మదింపు విభాగం,
సీట్ల జాబితా అతికించిన మర్నాడు

మరదలా,

నీ ఖాళీ గడి కమిటీ ముందు పెట్టాను. ఒకే పిల్ల ఒకే గదిలో అడిగితే రెండు, అడగకపోతే ఒకటి తెచ్చుకుంటే, లోపం పిల్లలో లేదు, వరుసలో ఉంది అన్నాను. వరుస కొట్టేశాం. నీకోసం కాదు, అన్ని బళ్ళకూ. టీచరు ఎక్కడ సాయం చేసిందో టీచరే పక్కన రాయాలి, అంతే. నువ్వు టేపు పట్టుకున్నావని నేనే రాసిపెట్టాను. మిగతా వరుసలన్నిట్లో దానికి నాలుగులు.

శిక్షణ కేంద్రం ఇంటర్వ్యూలు నిన్న జరిగాయి. విభాగం తరఫున ఒకరు కూర్చోవాలంటే నేనే వెళ్ళాను. మన సంబంధం ఆ పిల్లకు తెలియదు, నేను చెప్పలేదు. కత్తిరింపు చేసి చూపించింది. మాస్టర్ దర్జీ ఆ బట్ట చేత్తో నిమిరి, పక్కవాళ్ళకు చూపించాడు. చివర్లో పిల్లలందరినీ, "మీరేమైనా అడగాలా?" అంటున్నారు. ఒకరు హాస్టలు గురించి అడిగారు, ఒకరు ఇంటికి ఎప్పుడు పంపిస్తారని అడిగారు. మన పిల్ల "ఏమీ లేదండీ" అంది. సీటు ఇచ్చారు. వాళ్ళ నాన్న బయట గోడకు ఆనుకుని ఉన్నాడు, జాబితాలో పేరు మీద రెండుసార్లు వేలు పెట్టి చూసుకున్నాడు. గిడ్డంగిలో సాయంత్రం లోడు ఉందని, పిల్లను బస్సు ఎక్కి వచ్చేయమని చెప్పి వెళ్ళాడు.

నాకు సంతోషంగా ఉండాలి కదా. ఆ "ఏమీ లేదండీ" చెవిలో గింగురుమంటూనే ఉంది. నువ్వు రాసిన పిల్లేనా ఇది అనుకున్నాను.

బయటికి వచ్చి, బస్సు ఎక్కడ ఆగుతుందో నాకు నిజంగా తెలియక, దాన్నే అడిగాను. "రండి, చూపిస్తాను" అంది. ఇద్దరం నడిచాం. ఏ బస్సు ఎటు వెళ్తుందో, ఏది ఖాళీగా ఉంటుందో అడిగాను. అన్నీ వివరంగా చెప్పింది. స్టాపులో నిలబడ్డాక చాలాసేపు రోడ్డు వైపే చూసింది.

"మేడం, ఒకటి అడగనా?" అంది.

అడగమన్నాను.

"ఆ గళ్ళకాగితం ఎవరు రాశారండీ?"

"నేనే" అన్నాను.

నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. కోపంగా కాదు, బట్ట కొలిచేముందు చూసినట్టు.

"రాసేముందు ఎవరినీ అడగలేదా అండీ?"

లేదన్నాను. అంతలో బస్సు వచ్చింది, ఎక్కింది.

వదిన